మగ్గం మీంచి దించిన చీర

చందన ఫోన్ చేసేసరికి సీతామహాలక్ష్మి వంటింటి గడప దగ్గర చాప వేసుకుని పండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. వేళ్లు మండిపోతున్నాయి. ఎడమ చేతి చిటికెనవేలు చీరకు తుడుచుకుని, దానితోనే స్పీకరు నొక్కింది.

"పిన్నీ, బాగున్నారా? మీరంతా వచ్చి వెళ్లాక ఇల్లు బోసిపోయిందనుకోండి."

చందన నిరుటిదాకా తెనాలిలో వీళ్ల వీధిలోనే ఉండేది. ఇప్పుడు బాపట్లలో సొంత ఇల్లు కట్టుకుంది. పోయిన ఆదివారం గృహప్రవేశం. శుక్రవారాల పారాయణం బృందమంతా ఒక వ్యాను మాట్లాడుకుని వెళ్లి, తలా ఒక చీర పెట్టి, భోజనం చేసి వచ్చారు.

"మీరు పెట్టిన నెమలికంఠం రంగు కుప్పడం పట్టు ఉంది కదా పిన్నీ, ఇక్కడ ఫాల్ కుట్టే ఆమెకి ఇచ్చాను. ఇంతకుముందే ఫాల్ కుట్టి విప్పిన చీరండీ ఇది అంటోంది. అంచు పొడుగునా సూది చిల్లులున్నాయంట. నేను నమ్మలేదనుకోండి. చీరాలలో మగ్గం మీంచి దించి తెచ్చానని మీరు అందరి ముందూ చెప్పారు కదా!"

చందన గొంతులో తేనె కారుతోంది. ఆడవాళ్ల మధ్య ముప్పై ఏళ్లు మసిలిన సీతకి, ఏ గొంతు ఎందుకు తియ్యబడుతుందో ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ ఫాల్ విప్పింది సీతే. వీధి తలుపు గడియపెట్టి, పాత బ్లేడుతో కుట్టు తర్వాత కుట్టు తెంపి, ఇస్త్రీ పెట్టెతో అంచంతా నొక్కి, కొత్త కవర్లో పెట్టింది. కట్టుకున్నది ఒక్కసారే, అదీ రెండు గంటలు. గృహప్రవేశానికి ఎవరేం పెడుతున్నారని పారాయణం పెద్ద కోటేశ్వరమ్మ వాట్సాప్‌లో అడిగితే అందరూ పట్టు పట్టు అన్నారు. అందరూ అన్నాక తను మాత్రం నూలు అని ఎలా అంటుంది?

"జిగ్‌జాగ్ కూడా చేసి ఉందంట పిన్నీ. మగ్గం మీంచి దించిన చీరకి జిగ్‌జాగ్ ఎవరు చేశారు?"

నిజం నోటిదాకా వచ్చింది. చందన నవ్వేసేదేమో కూడా. కానీ ఆ నవ్వు సాయంత్రానికల్లా కోటేశ్వరమ్మ ఇంటికి చేరుతుంది.

"నేనే చేయించానమ్మా. మన కృపారాణికి ఇచ్చాను. ఫాల్ రంగు నీ ఇష్టమని అది వదిలేశాను."

"ఆమె దగ్గర ఎన్నాళ్లుంది?"

"నాలుగైదు రోజులు."

"అయితే అక్కడే ఏదో జరిగింది పిన్నీ! ఎవరికో పెళ్లికి కట్టుకోడానికి ఇచ్చుంటుంది. పైపైన ఫాల్ వేసి, మళ్లీ విప్పేసి ఉంటుంది."

ఆ మాట అన్నది చందన. సీత కాదు. తర్వాత చాలా రోజులు సీత ఈ సంగతి తనకు తాను గుర్తు చేసుకుంటూనే ఉంది. కాకపోతే, "ఛ, కృప అలాంటిది కాదు" అనాల్సిన చోట ఆవిడ అన్నది ఇదీ: "ఏమోనమ్మా, ఎవర్ని నమ్ముతాం ఈ రోజుల్లో."

ఫోన్ పెట్టేసి నుదుటి చెమట తుడుచుకుంది. చేతికి కారం ఉన్న సంగతి మరిచిపోయింది. కళ్లు భగ్గుమన్నాయి. ఎరువుల షాపుకి బయల్దేరుతున్న శేషగిరిరావు పరుగున వచ్చి భార్య ముఖాన నీళ్లు కొట్టాడు.

"ఏంటే, చూసుకోవద్దూ?" అన్నాడు.

"చూసుకోలేదండి" అంది సీత.

*

శుక్రవారం పారాయణం కోటేశ్వరమ్మ ఇంట్లో. ఎప్పుడూ అక్కడే. కింద హాల్లో తివాచీ పరిచి, దీపానికి కుడిపక్క కోటేశ్వరమ్మ కూర్చుంటుంది. ఆవిడ పక్క చోటు పదకొండేళ్లుగా సీతది. ఆ చోటు ఎవరూ రాసివ్వలేదు, కానీ సీత రావడం ఆలస్యమైనా అక్కడ ఇంకొకరు కూర్చోరు. ఊళ్లో ఏ శుభకార్యానికైనా ముందు పిలుపు ఎవరికో, ఎవరి ఇంటి పులిహోర బాగుందో తేల్చేది ఆ వరసే.

హారతి అయి శనగలు పంచుతుండగా కోటేశ్వరమ్మ సీత మోకాలి మీద చెయ్యి వేసింది. "చందన చెప్పిందే. నీ మనసెంత కష్టపడిందో పాపం. అంత ముచ్చటపడి తెచ్చిన చీర!"

సీత చేతిలోని శనగలు లెక్కపెడుతున్నదానిలా చూస్తూ కూర్చుంది. దొంగకి తేలు కుట్టినట్టని ఊరికే అనలేదు.

"నాకిప్పుడు అర్థమవుతోంది" అంది సుష్మ. బ్యాంకు ఆఫీసరు భార్య, తూకం వేసినట్టు మాట్లాడుతుంది. "మా తోడికోడలికి పెట్టిన చీర మీద పసుపు మరక ఉందని వాళ్లింట్లో ఎంత రాద్ధాంతం చేశారో. అది కూడా కృపారాణి దగ్గరికి వెళ్లొచ్చిన చీరే."

"మా మేనకోడలికి పెట్టిన చీర సంగతి చెప్పానా?" అంది కోటేశ్వరమ్మ. "మడతల్లో అత్తరు వాసన. మా ఇంట్లో అత్తరు ఎవరు వాడతారే? వాళ్లత్త నన్ను నానా మాటలూ అంది. నోరు మూసుకుని పడ్డాను."

ఆ తర్వాత ఒక్కొక్కరికీ ఒక్కో చీర గుర్తొచ్చింది. ఒకరిది మడత మారింది, ఒకరిది మెరుపు తగ్గింది. సూది కోసం సోదికెళితే పాతవన్నీ బయటపడతాయంటారు. ఇక్కడ తిరగబడింది. ఒక్క సూది చిల్లు దొరికేసరికి అందరి పాతవీ అందులో దూరి దాక్కున్నాయి. ఏళ్ల తరబడి ఎవరెవరి ముందో తలదించుకున్న చీరలన్నీ ఆ పూట నిర్దోషులయ్యాయి. హాల్లో ఒక రకమైన తేలిక వచ్చింది. సీతకి భయం వేసింది.

"ఇంకెవరూ ఆమెకి ఇవ్వకండి" అంది కోటేశ్వరమ్మ లేస్తూ. "ఇచ్చినవి తెచ్చేసుకోండి. గొడవ వద్దు, మాటా మాటా వద్దు. మర్యాదగా తెచ్చేసుకోండి."

*

అంగలకుదురు వెళ్లే రోడ్డు మీద కృపారాణిది ఒక్క గది. గోడకి 'ఫాల్స్, జిగ్‌జాగ్, కుచ్చులు' అని నీలం రంగు రాత. శనివారం ఆటోలో ఆ దారిన పోతూ సీత చూసింది. సుష్మ స్కూటీ ఆపి ఉంది. కృపారాణి రెండు చేతుల మీదా చీరలు పెట్టుకుని నిలబడింది, సుష్మ ఒక్కొక్కటీ విప్పి వెలుతురుకి పట్టి చూసి సంచీలో వేస్తోంది. సీత ఆటోలో వెనక్కి జరిగి కూర్చుంది.

మంగళవారం కృపారాణే ఇంటికి వచ్చింది. నలభై దాటిన మనిషి. జాకెట్టుకి ఎప్పుడూ నాలుగు సూదులు గుచ్చుకుని ఉంటుంది. సీత ఇచ్చిన రెండు చీరలు, ఫాల్ కుట్టడం పూర్తి చేసి, పాత దుప్పటి ముక్కలో చుట్టి తెచ్చింది. గడప బయటే నిలబడింది.

"మీరు తీసుకెళ్లలేదు కదమ్మా. అందరూ తీసుకెళ్లారు."

"ఒంట్లో బాగాలేక..." అంది సీత.

కృపారాణి మూట అరుగు మీద పెట్టింది. "ఆ నెమలికంఠం చీర నా దగ్గరికి ఇప్పుడు రాలేదమ్మా. కిందటి మాఘంలో వచ్చింది. మెరూన్ ఫాల్ వేయించుకున్నారు మీరు. మీక్కూడా గుర్తుండే ఉంటుంది."

సీత వంగి మూట అందుకోబోయింది.

"నేను గుర్తులు పెడతానమ్మా. చాకలివాళ్లు పెట్టినట్టు. చీరలు కలిసిపోకుండా లోపలి కొస మూలన, నువ్వుగింజంత ముడి. మీ ఇంటికి ఆకుపచ్చవి రెండు. ఫాల్ విప్పినా ఆ ముడి పోదు, ఎవరికీ కనబడదు. ఇదుగోండి." తెచ్చిన చీర ఒకటి మడత తీసి మూల చూపించింది. అక్కడ రెండు ఆకుపచ్చ చుక్కలు, దేవుడి కళ్లలా కాదు గానీ, సీతకి మాత్రం తనని చూస్తున్నట్టే అనిపించింది.

"ఆ చీర మీద మీ ముడుల పక్కన ఇంకోటుంది. ఎర్రది. మీరు తెచ్చినప్పటికే ఉంది."

"ఎర్రది ఎవరిదే?" అంది సీత, అనుకోకుండా.

"అది నేను చెప్పనమ్మా."

చెప్పక్కర్లేకపోయింది. శేషగిరిరావు షష్టిపూర్తికి ఆ చీర పెట్టింది కోటేశ్వరమ్మ. కవరు చేతిలో పెడుతూ, చీరాలలో మగ్గం మీంచి దించి తెచ్చానే, ఇంకా దారం వాసన పోలేదు అంది. సీత బాపట్లలో చెప్పింది ఆ మాటే, అక్షరం మారకుండా. చీరతోపాటు అబద్ధం కూడా కట్టి విడిచిందే తన చేతికి వచ్చిందన్నమాట.

"మరి నువ్వెందుకు అందరికీ చూపించలేదు?" అని అడిగింది సీత.

కృపారాణి మొదటిసారి నవ్వింది, సంతోషం లేకుండా. "ఎవరి చీర ఎవరికి వెళ్లిందో ఈ ఊళ్లో నాకు తెలిసినంత ఎవరికీ తెలీదమ్మా. ఒక ఇంటి గుట్టు చెప్పానంటే ఇంకే ఇంటి చీరా నా గడప తొక్కదు. దొంగనంటే కొన్నాళ్లకి మర్చిపోతారు."

"కూర్చో కృపా" అంది సీత. ఇన్నేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు.

ఆమె కూర్చోలేదు. "ఒక్క మాట చెప్పండి చాలు. కృప తప్పేం లేదు అని. ఎందుకో చెప్పక్కర్లేదు. మీరు చెబితే వింటారు. శుక్రవారం దాకా చూస్తానమ్మా. లేకపోతే రేపల్లెలో మా అక్క దగ్గరికి పోతాను. ఇక్కడ అద్దె గది ఖాళీగా పెట్టుకుని ఎన్నాళ్లు కూర్చోను?"

"చెబుతాను" అంది సీత. ఆ క్షణాన మనస్ఫూర్తిగానే అంది.

*

శుక్రవారం హారతి అయ్యాక చెప్పింది కూడా. రెండు రోజులు వంటింట్లో ఒంటరిగా అనుకున్న మాటలు అక్కడికొచ్చేసరికి సగమయ్యాయి.

"అక్కయ్యా, ఆ చీర విషయంలో... కృప తప్పు లేదేమో అనిపిస్తోంది నాకు. నేనే పొరబడ్డానేమో."

సుష్మ తలెత్తి చూసింది. కృపారాణి తప్పు లేకపోతే పసుపు మరక ఎక్కడిది, అత్తరు వాసన ఎక్కడిది? అందరి ముఖాల్లోనూ ఆ ప్రశ్న ఒకటే ఉంది, సీత మీద కోపం లాంటిది కూడా ఉంది.

కోటేశ్వరమ్మ సీత గడ్డం పట్టుకుంది. "చూశారటే దీన్ని? తనకి అన్యాయం జరిగి, తన పరువు పోయి, మళ్లీ ఆ కృపారాణి పొట్ట కొట్టకూడదని తప్పు తన మీద వేసుకుంటోంది. వెన్నపూస మనసే నీది."

"అది కాదక్కయ్యా..."

"నువ్వు మాట్లాడకు. నీ మంచితనం మాకు తెలుసు."

అందరూ నవ్వారు. ఎవరో "పిన్నిగారి మనసు ఎవరికొస్తుందండి" అన్నారు. కోటేశ్వరమ్మ లేచి అందరికంటే ముందు సీతకి బొట్టుపెట్టి, రెండు అరటిపళ్లు ఎక్కువ పెట్టింది. ఒక్క నిమిషం, నిజంగా ఒక్క నిమిషం, సీతకి హాయిగా అనిపించింది. వాకిలి మెట్లు దిగి చెప్పులు వేసుకుంటుంటే ఆ హాయి తలుచుకుని తన మీద తనకే అసహ్యం వేసింది. వెనక్కి తిరిగి మెట్లెక్కితే సరిపోయేది. ఆటో ఎక్కింది.

సోమవారం పొద్దున్న శేషగిరిరావు కాఫీ తాగుతూ అన్నాడు. "మీ ఫాల్స్ అమ్మాయి గది ఖాళీ చేసిందేంటే? గోడకి సున్నం కొడుతున్నారు."

ఆ రాత మీద సున్నం కొట్టడం సీత వెళ్లి చూడలేదు. రెండు వారాలు ఏ పని చేస్తున్నా ఆ గోడే గుర్తొచ్చింది. మజ్జిగ చిలుకుతూ ఆగిపోయేది.

మూడో వారం బుధవారం చందన మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి గొంతులో తేనె లేదు, చనువుంది. ఆ తేనె కంటే ఈ చనువే నయమనిపించాల్సింది, అనిపించలేదు.

"పిన్నీ, ఆ చీర పీడ వదిలింది లెండి. మా ఆడపడుచు సాయి సుధ లేదూ, రేపల్లెలో, వాళ్ల పాప పుట్టినరోజుకి పెట్టేశాను. కొత్తదనే చెప్పాను. ఫాల్‌కి ఎవరికిచ్చిందో తెలుసా? తెనాలి నుంచి కొత్తగా ఒకామె వచ్చింది, చెయ్యి బాగుంది వదినా అంటోంది. మన కృపారాణే!" పకపకా నవ్వింది. "ఒకందుకు మంచిదే. చిల్లులు కనబడినా ఆమె మీదికే పోతుంది. రేపు పొద్దున్నే తెచ్చుకుంటానంది."

చందన చెప్పింది సీత అబద్ధమే. ఇంకొకరి నోట వింటే దాని ముఖం ఇలా ఉంటుందని ఆవిడకి తెలియలేదు.

*

గురువారం పొద్దున రేపల్లె బండిలో కిటికీ పక్క చోటు దొరికింది. ఒళ్లో సంచీ, సంచీలో మూడు చీరలు. ఊరికే వెళితే ఏమని వెళ్లాలో తెలియక బీరువాలోంచి తీసి పెట్టుకుంది. వేమూరు దాటాక ఒకసారి, భట్టిప్రోలులో బండి ఆగినప్పుడు ఒకసారి దిగిపోదామనుకుంది.

స్టేషన్ దగ్గర్లోనే కృపారాణి అక్క ఇల్లు, అడిగితే చూపించారు. వసారాలో మిషను, పక్కన ముక్కాలి పీట. కృపారాణి ఒళ్లో నెమలికంఠం రంగు పరుచుకుని ఉంది. తలెత్తి చూసి ఆశ్చర్యపడలేదు.

"ఊరు మారినా ఈ చీర నన్ను వదల్లేదమ్మా" అంది.

సీత ఏదో అనబోయేంతలో వాకిట్లో స్కూటీ ఆగింది. సాయి సుధ హెల్మెట్ తీస్తూనే వచ్చి, చీర అందుకుని, కుట్టు చూద్దామని అంచు తిప్పింది. ఫాల్ ఇంకా మూరెడు మిగిలి ఉంది. ఆ మూరెడు మేరా పాత చిల్లులు ఎండ వెలుతురులో వరసగా మెరిశాయి.

"ఇదేంటండి? ఈ చిల్లులేంటి? మా వదిన కొత్త చీర పెట్టింది."

"నేను సూది గుచ్చకముందే ఉన్నాయమ్మా."

"అంటే మా వదిన విప్పేసిన చీర పెట్టిందా నాకు?"

కృపారాణి సూదికున్న దారం వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. అవునన్నా కాదన్నా ఎవరి గుట్టో బయటపడుతుంది. సాయి సుధ అప్పటికే ఫోన్ చేసింది, స్పీకరు పెట్టింది. విషయం విని చందన గొంతు వెంటనే లేచింది.

"అయ్యో, ఆమె దగ్గరికా వెళ్లావు! ఆమె సంగతి తెనాలంతా తెలుసు. ఇలాగే మా పిన్ని చీర కూడా ఎవరికో కట్టబెట్టి..."

"చందనా" అంది సీత.

"ఎవరది?" అంది చందన.

"నేనేనమ్మా, పిన్నిని. రేపల్లెలో ఉన్నాను. ఆ చీర నేను కట్టి విడిచింది. ఫాల్ నేనే బ్లేడు పెట్టి విప్పాను. జిగ్‌జాగ్‌కి ఇచ్చానని నీతో చెప్పింది అబద్ధం. కృపకి ఏ సంబంధం లేదు." ఊపిరి తీసుకుంది. "నువ్వు కూడా చిల్లులున్నాయని తెలిసే పెట్టావు. అది మీరూ మీరూ చూసుకోండి."

ఫోన్ కట్టయింది. సాయి సుధ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తేలడం లేదు. "ఇప్పుడు ఈ చీర ఏం చెయ్యాలండి?" అంది చివరికి.

"చీర మంచిదేనమ్మా" అంది కృపారాణి. "చిల్లులు ఫాల్ కిందికి పోతాయి. మూరెడే ఉంది, సాయంత్రం రండి."

సాయి సుధ చీర మిషను మీద పెట్టేసి వెళ్లిపోయింది. కృపారాణి కాలితో ముక్కాలి పీట ఆవిడ వైపు జరిపింది. సీత కూర్చుంది.

పది నిమిషాలు కాలేదు, సీత ఫోన్ మోగింది. కోటేశ్వరమ్మ.

"ఏమిటే ఈ వెర్రి? చందన ఏడుస్తోంది. కృపారాణి బతిమాలుకుంటే జాలిపడి అలా అన్నానని చెప్పు. మిగతాది నేను చూసుకుంటాను. నీ చోటు నీకు ఉంటుంది."

సీత మిషను మీదున్న చీర మూల పట్టుకుని చూసింది. రెండు ఆకుపచ్చవి, పక్కన ఎర్రది.

"అక్కయ్యా, ఆ చీర మా ఆయన షష్టిపూర్తికి మీరు పెట్టిందే. మీ ముడి కూడా ఉంది. నేను ఎవరికీ చెప్పను. కానీ ఇక కృప పేరు ఎత్తకండి."

అటువైపు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"సిగ్నల్ సరిగ్గా లేదే, ఏం వినపడ్డం లేదు" అంది కోటేశ్వరమ్మ. తర్వాత చేస్తానని కూడా అనలేదు.

రేపు శుక్రవారం. కోటేశ్వరమ్మ పక్క చోట్లో రేపు సుష్మ కూర్చుంటుంది. సీతకి అది కళ్లకి కట్టినట్టు కనబడింది, గుండెలో ఎక్కడో గుచ్చుకుంది కూడా. లేదనుకుంటే అది ఇంకో అబద్ధం.

"మళ్లీ తెనాలి రా కృపా" అంది.

"రానమ్మా. ఇక్కడ బాగానే ఉంది." కృపారాణి క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. చెయ్యి చాచి సీత ఒళ్లోని సంచీ తీసుకుంది. మూడు చీరలూ బయటికి తీసి బల్ల మీద పెట్టింది. కళ్లజోడు సర్దుకుని అడిగింది.

"ఇవి కొత్తవేనా అమ్మా?"

సీత చీరల వైపు చూసింది.

"రెండు కొత్తవి" అంది. "ఆ వంకాయరంగుది కాదు."

కృపారాణి తల ఊపి, రీళ్ల డబ్బాలో వెతికి, ఆకుపచ్చ దారం తీసింది.